తప్పిన చిరునామాలు: హవాయి తెల్లపూల కథ

అమెరికాలో చాలా నర్సరీలలో మల్లెమొక్క కుండీకి వేలాడే చీటీమీద 'అరేబియన్ జాస్మిన్' అని రాసి ఉంటుంది. ఎండాకాలం వరండాలోనూ, చలికాలం కిటికీ పక్కనా పెట్టుకొని ఆ మొక్కను పసిబిడ్డలా సాకే తెలుగువారికి ఆ చీటీ చూసినప్పుడల్లా చిన్న అసంతృప్తి కలుగుతుంది. అరబ్బులకు మల్లెతో పరిచయం పాతదే గాని, మల్లె అక్కడ పుట్టలేదు. అది దక్షిణాసియా మొక్క. శాస్త్రనామంలోని 'సంబాక్' అనే మాట మాత్రం అరబ్బీ 'జంబక్' నుంచి వచ్చింది. 1753లో లినేయస్ ఈ మొక్కకు నిక్టాంథస్ సంబాక్ అని పేరుపెట్టి, మన పారిజాతంతో కలిపి ఒకే ప్రజాతిలో కూర్చోబెట్టాడు. 1789లో ఎయిటన్ దానిని జాస్మినమ్ ప్రజాతికి మార్చాడు. పారిజాతంతో పొత్తు వదిలింది గాని, అరబ్బీ పేరు వదలలేదు.

పూల పేర్లలో ఇలాంటి తప్పు చిరునామాలు కొల్లలు. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇవన్నీ ఒకేచోట పోగుపడి కనిపించే ప్రాంతం హవాయి. అక్కడి సువాసనగల తెల్లపూలలో మూడింటి కథ ఈ వ్యాసవిషయం. ఒకటి తియరె. పాలినీషియా అనగానే ప్రపంచానికి గుర్తుకువచ్చే పువ్వు. రెండవది నానూ. హవాయి నేలలోనే పుట్టి, హవాయిలోనే చాలామంది చూడని పువ్వు. మూడవది పీకాకె. పేరు కొత్తగా ఉన్నా అది మన మల్లెపువ్వే. మొదటి రెండూ గార్డీనియా ప్రజాతికి చెందినవి కనుక ముందు ఆ పేరు సంగతి చూద్దాం.

గార్డీనియా అన్నది తోటను బట్టి వచ్చిన పేరనుకుంటారు చాలామంది. కాని అది ఒక మనిషి పేరు. అలెగ్జాండర్ గార్డెన్ స్కాట్లండులో పుట్టి, దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్‌లో వైద్యం చేసిన డాక్టరు. మొక్కలూ జంతువులూ సేకరించి లినేయస్‌కూ, లండన్‌లోని జాన్ ఎలిస్‌కూ పంపేవాడు. ఆయన గౌరవార్థం 1761లో ఎలిస్ ఈ పేరును ప్రకటించాడు. అందుకు ఆధారమైన మొక్క ఇంగ్లండులో ఒకరి గాజుగదిలో పూసినది. ఆఫ్రికా కొసనున్న గుడ్‌హోప్ అగ్రం నుంచి ఓడమీద వచ్చింది గనుక దానిని 'కేప్ జాస్మిన్' అన్నారు. అది మల్లెజాతీ కాదు, ఆఫ్రికాదీ కాదు. చైనా నుంచి వచ్చిన గంధరాజం. అంటే చైనా మొక్కకు ఆఫ్రికా ఊరిపేరు, అమెరికా డాక్టరు ఇంటిపేరు! ఆ డాక్టరు అమెరికా విప్లవకాలంలో బ్రిటిషు రాజు పక్షాన నిలిచి, చివరికి చార్ల్‌స్టన్ విడిచి ఇంగ్లండు వెళ్ళిపోవలసి వచ్చింది. కొడుకు విప్లవకారులతో చేరాడన్న కోపంతో, 'గార్డీనియా' అని తన పూవు పేరే పెట్టిన మనవరాలిని కూడా దగ్గరికి రానివ్వలేదని చెబుతారు.

వృక్షశాస్త్రం లెక్కన గార్డీనియాలు కాఫీ కుటుంబానికి చెందినవి. మల్లెకు దగ్గరి చుట్టం ఆలివ్ చెట్టు. గార్డీనియాకు దగ్గరి చుట్టాలు కాఫీ, తొగరు. ఈ ప్రజాతి మనకు కొత్తది కాదు. మన కొండ అడవుల్లో కొమ్మల చివర పసుపుపచ్చని జిగురు కారుస్తూ కనిపించే బిక్కి చెట్లు కూడా గార్డీనియాలే. తెల్లగా పూసి, వాడేకొద్దీ పసుపురంగుకు తిరగడం ఈ బంధువర్గంలో చాలావాటికి ఉన్న లక్షణం.

ఇక తియరె. శాస్త్రనామం గార్డీనియా టైటెన్సిస్, అంటే 'తాహితీకి చెందిన గార్డీనియా'. 1830లో స్విట్జర్లండు వృక్షశాస్త్రజ్ఞుడు ద కాన్‌డోల్ ఈ పేరు పెట్టాడు. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకుల మధ్య, గాలిమర రెక్కల్లా విడివిడిగా తెరుచుకొనే తెల్లటి రేకులు దీని గుర్తు. అవి అయిదు నుంచి తొమ్మిది దాకా ఉంటాయి. నందివర్ధనం పూవును కొంచెం పెద్దది చేసి, దానికి మత్తెక్కించే వాసన తగిలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటే తియరె ఇంచుమించు అలాగే ఉంటుంది. నేడిది ఫ్రెంచి పాలినీషియాకూ, కుక్ దీవులకూ జాతీయ చిహ్నం. కొబ్బరినూనెలో తియరె మొగ్గలను నానబెట్టి తయారుచేసే 'మొనొయి' నూనెకు ఫ్రెంచి ప్రభుత్వం 1992లో మూలస్థానపు గుర్తింపునిచ్చింది; మనం ఈనాడు భౌగోళిక సూచిక అంటున్నది ఇంచుమించు అటువంటిదే. ఎడమచెవి వెనుక ఈ పువ్వు పెట్టుకుంటే మనసు ఎవరికో ఇచ్చేసినట్టు, కుడిచెవి వెనుక పెట్టుకుంటే ఇంకా ఎవరికీ ఇవ్వనట్టు అనే వాడుక యాత్రికులందరికీ చెప్పేదే.

ఇంత తాహితీమయమైన పువ్వు తాహితీలో స్వతహాగా పుట్టినది కాదని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. దాని సహజనివాసం అక్కడికి పడమరగా ఉన్న దీవులలోని సముద్రతీరాలు. టోంగా, సమోవా, ఫీజీల వైపు నుంచి పాలినీషియన్లు తూర్పుదిక్కుకు సాగిపోయినప్పుడు వారి పడవలలో ఇది కూడా ప్రయాణించింది. తాహితీలో ఇది ప్రధానంగా తోటమొక్క. కొమ్మ నాటో, అంటు తొక్కో పెంచుతారు. పేరుపెట్టినాయన తప్పు చేశాడనడం కూడా అన్యాయమే. ఐరోపా ఓడలు ఎక్కడ ఆగితే అక్కడి ఊరిపేరే మొక్కకు దక్కేది, అంతకుముందు ఆ మొక్క చేసిన ప్రయాణం వారికి కనిపించే అవకాశం లేదు.

ఆ ప్రయాణాన్ని మొక్కకన్నా దాని పేరు ఎక్కువ భద్రంగా దాచుకుంది. టోంగాలో సియలె, సమోవాలో తియలె, తాహితీలో తియరె. ఈ మాటలను పక్కపక్కన పెట్టి చూసిన భాషాశాస్త్రజ్ఞులు మూల పాలినీషియన్ రూపం 'తియలె' అని నిర్ణయించారు. 'ఇ' ముందున్న తకారం టోంగా భాషలో సకారమవుతుంది. తాహితీ భాషలో లకారం రేఫమవుతుంది. తాహితీలో ఆ మాట అర్థం విస్తరించి ఏ పువ్వునైనా తియరె అనేదాకా వెళ్ళింది. మనవాళ్ళు వేసవిలో 'పూలు' అంటే మల్లెలనే అర్థం చేసుకున్నట్టు, అయితే దిశ మాత్రం తిరగేసి.

హవాయి భాషలో మూల తకారం కకారమైపోయింది. తపు అక్కడ కపు, తపా అక్కడ కపా. చేమకు ఇతర దీవులలో తారో అనే పేరుంటే హవాయిలో కలో. అందువల్ల తియలె హవాయికి చేరితే కి-అనే మొదలవాలి. అలాగే ఒక మాట ఉంది: 'కియెలె'. రెండో అచ్చు పక్క అచ్చుల ప్రభావంతో కాస్త మారింది. విచిత్రమేమిటంటే, కియెలె అంటే నిఘంటువు చెప్పే అర్థం చైనా నుంచి వచ్చిన గంధరాజం! అది హవాయికి ఐరోపావాసుల రాక తర్వాత చేరిన తోటమొక్క. వెయ్యేళ్ళ కిందట దక్షిణం నుంచి వచ్చినవారి నాలుకమీద మాట మిగిలింది, మాట చెప్పిన పొద మిగలలేదు. చివరికి ఆ ఖాళీపేరును ఒక పరాయి దేశపు బంధువుకు తొడిగారు. గోదావరి తీరం వదిలి వెళ్ళినవారు కొత్త ఊళ్ళోని ఏదో వాగును గోదావరి అని పిలుచుకోవడం వంటిది ఇది. ఈ వ్యాసంలోని విషయాలన్నిటిలో నాకు అత్యంత ఆత్మీయంగా తోచినది ఈ ఒక్క మాటే.

హవాయికి పాలినీషియన్లు తెచ్చుకున్న మొక్కలను 'పడవ మొక్కలు' అంటారు. ఆ జాబితా చదివితే తెలుగువారికి పెరటి మొక్కల పట్టికలా ఉంటుంది: కలో మన చేమ, నియు కొబ్బరి, కో చెరకు, మయిఅ అరటి, ఒలెన పసుపు, నొని తొగరు, కమని పొన్న, మిలో గంగరావి. ఆకలికీ, రోగానికీ, నారకూ, రంగుకూ, పడవకూ పనికివచ్చేవాటికే చోటున్న నావ అది. వేలమైళ్ళ సముద్రం దాటించాలంటే ఒక్కొక్క పిలకనూ తడిగుడ్డలో చుట్టి ఉప్పునీరు తగలకుండా కాపాడాలి. వాసనకోసం పెంచే పొదలకు ఆ నావలో సాధారణంగా చోటు దొరకలేదు. ఈ జాబితాలో తియరె మామూలుగా కనిపించదు. నేడు హొనొలులు పెరళ్ళలో పూసే తియరె ఆధునిక కాలంలో చేరినది.

అయితే వాసనగల తెల్లపూలకోసం హవాయివారు వెతుక్కోవలసిన పనిలేదు. వారు వచ్చేసరికే అక్కడి అడవులలో గార్డీనియాలు ఉన్నాయి. ప్రపంచంలో మరెక్కడా లేని మూడు జాతులు. మూడింటినీ కలిపి నానూ అనీ, నాఉ అనీ పిలుచుకున్నారు. గమనించవలసిన సంగతి, కొత్తనేలమీద కళ్ళెదుట ఉన్న గార్డీనియాకు వారు పాతపేరు పెట్టలేదు, వేరేపేరు పెట్టారు. దాని పండు గుజ్జుతో నారవస్త్రమైన కపాకు పసుపురంగు అద్దారు. గట్టిదైన దాని చేవకర్రను కపా నారను పరిచి సుత్తితో కొట్టే దిమ్మెగా వాడారు. పువ్వు దండలోకి, పండు రంగులోకి, కర్ర పనిముట్టులోకి వెళ్ళింది.

ఈ మూడింటిలో రెండింటికి శాస్త్రనామాలు పెట్టినవాడు హొరేస్ మాన్ అనే యువకుడు. అమెరికా ప్రభుత్వపాఠశాలల ఉద్యమానికి ఆద్యుడైన హొరేస్ మాన్ కొడుకు. 1861లో జబ్బుపడ్డ థొరోకు తోడుగా మినెసోటా వెళ్ళినవాడు ఇతడే. తర్వాత విలియం బ్రిగమ్‌తో కలిసి హవాయి దీవులు తిరిగి మొక్కలు సేకరించాడు. 1867లో ప్రకటించిన తన పట్టికలో మిత్రుడి పేరుతో ఒక నానూకు గార్డీనియా బ్రిగమియై అని నామకరణం చేసి, మరుసటి సంవత్సరమే క్షయతో 24 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. బ్రిగమ్ మాత్రం దీర్ఘకాలం జీవించి, హొనొలులులోని బిషప్ మ్యూజియమ్‌కు తొలి సంచాలకుడయ్యాడు. మాన్ పేరు కూడా తర్వాత మూడవ నానూకు దక్కింది: గార్డీనియా మన్నియై. మిత్రులిద్దరూ అలా ఒకే ప్రజాతిలో పక్కపక్కన మిగిలారు.

బ్రిగమ్ పేరుగల నానూ వర్షాభావ ప్రాంతపు అడవుల చెట్టు. హవాయి అంటే మనకు వానలూ జలపాతాలూ గుర్తుకువస్తాయి. కాని కొండలకు వాననీడవైపు ఉండే మెట్ట అడవులే ఒకప్పుడు జాతుల వైవిధ్యంలో సంపన్నమైనవి. అవే అన్నిటికన్నా ఎక్కువ పాడయ్యాయి. 1778లో కుక్ దించిన మేకలు, 1793లో వాంకూవర్ కమేహమేహ రాజుకు కానుకగా తెచ్చిన పశువులు, ఆ తర్వాత మేతబీళ్ళు, పరాయి గడ్డి, ఆ గడ్డి మోసుకువచ్చిన కార్చిచ్చు, గింజలు తినే ఎలుకలు, కొమ్మలు తొలిచే పురుగు. ఇవన్నీ కలిసి పలు ద్వీపాలలో పెరిగిన చెట్టును వేళ్ళమీద లెక్కపెట్టేంతకు తెచ్చాయి. అమెరికా ప్రభుత్వం దీనిని 1985లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. మన్నియై 1996లోనూ, మిగిలిన రెమియై 2016లోనూ అదే పట్టికకు ఎక్కాయి. దీవుల సొంత గార్డీనియాలు మూడూ ఇప్పుడు ఆ జాబితాలోనే ఉన్నాయి.

మూడవ పువ్వు వైపు తిరిగితే దృశ్యమే వేరు. మల్లె హవాయి చేరినది 19వ శతాబ్దపు తోటలలోకి. వైకీకీలో ఆయినహౌ అనే విశాలమైన తోట ఉండేది. స్కాట్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ వర్తకుడు ఆర్చిబాల్డ్ క్లెగ్‌హార్న్, రాజవంశానికి చెందిన ఆయన భార్య లికెలికె, వారి ఏకైక సంతానం కైయులాని ఆ ఇంటివారు. 1875లో పుట్టిన ఆ అమ్మాయికి నెమళ్ళన్నా మల్లెలన్నా ప్రాణం. తోటనిండా నెమళ్ళు తిరిగేవి. ఇంగ్లీషు 'పీకాక్' హవాయి నోట 'పీకాకె' అయింది. తెలుగులాగే హవాయి కూడా అజంతభాష, హల్లుతో మాట ముగియనివ్వదు. ఆమెకు ప్రియమైన పక్షి పేరే ఆమెకు ప్రియమైన పువ్వుకూ అంటుకుంది. నేటికీ హవాయిలో పీకాకె అంటే నెమలి, మల్లె కూడా.

కైయులాని జీవితం ఆ పేరుకు తగినంత సుకుమారంగా సాగలేదు. 1889లో చదువుకోసం బ్రిటన్ వెళ్ళింది. 1891లో రాణి లిలియువొకలాని ఆమెను వారసురాలిగా ప్రకటించింది. 1893 జనవరిలో రాణిని పదవీచ్యుతురాలిని చేశారు. పదిహేడేళ్ళ కైయులాని అమెరికా వెళ్ళి అధ్యక్షుడు క్లీవ్‌లండ్‌ను కలుసుకొని తన దేశం తరఫున మాట్లాడింది. 1898లో హవాయి అమెరికాలో కలిసిపోయింది. 1899 మార్చిలో, 23 ఏళ్ళ వయసులో, ఆయినహౌలోనే ఆమె మరణించింది. తోట ముక్కలైపోయింది. ఆ స్థలంలో కొంతభాగంలో ఆమె పేరుతోనే ఒక హోటలు వెలిసింది. రాజ్యం పోయింది, తోట పోయింది, నెమలి పేరుగల మల్లె నిలిచింది.

నిలవడానికి కారణం కేవలం జ్ఞాపకం కాదు, దండ. హవాయివారి లేయి మన పూలదండకు దూరపు చుట్టం. కట్టే పద్ధతులకు వారికి వేర్వేరు మాటలున్నాయి: సూదితో గుచ్చితే కుయి, జడలా అల్లితే హిలి, నారతో చుట్టి బిగిస్తే విలి. మనం మల్లెమొగ్గలను జంటలుగా పేర్చి దారంతో ముడివేసి మాల కడతాం. వారు పొడవాటి సూదితో మొగ్గల కాడనుంచి గుచ్చి, ముత్యాలసరంలా చేస్తారు. నగలకు మనం రెండుపేటలు మూడుపేటలు అన్నట్టు వారు పీకాకె లేయిని పేటల లెక్కన కొంటారు. తెల్లవారుజామున మొగ్గలు కోయడం, సాయంత్రం మెడలో విచ్చుకొనేలా చూసుకోవడం ఇద్దరికీ సమానమే. హొనొలులు చైనాటౌన్‌లోని మౌనకెయా వీధిలో లేయి దుకాణాల ముందు నిలబడితే, ఆ వాసనకు తెలుగువారికి గుడి మెట్లో, పెళ్ళిపందిరో జ్ఞాపకం రాక మానదు. పెళ్ళికూతుళ్ళకూ, హూలా నర్తకులకూ అది ప్రీతిపాత్రమైన దండ. వేరొక పద్ధతి కూడా చెప్పుకోవాలి: ఇచ్చిన లేయిని వద్దనకూడదు, వాడిన లేయిని చెత్తబుట్టలో వేయకూడదు, మట్టికే తిరిగి ఇవ్వాలి. నిర్మాల్యం పట్ల మనవారి మర్యాద ఇటువంటిదే.

మరొక చిన్న విశేషం. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి ప్రయాణీకులు తీసుకుపోకూడని పూల జాబితాలో గార్డీనియా చిరకాలంగా ఉంది. దాన్ని పట్టుకొనివచ్చే పురుగుల భయమే కారణం. పీకాకెకు ఆ అడ్డంకి లేదు. పాలినీషియా ప్రతీక అనిపించుకున్న పువ్వు విమానాశ్రయం తనిఖీ దగ్గర ఆగిపోతుంది, భారతదేశపు పువ్వు మెడలో వేలాడుతూ హాయిగా లాస్ ఏంజెలస్‌లో దిగుతుంది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఇది మన మల్లె దిగ్విజయగాథలా తోస్తుంది. విదేశాల్లో ఉన్న మనకు అటువంటి కథలమీద మక్కువ కూడా ఎక్కువే. కాని హవాయికి మన దేశం నుంచి వెళ్ళిన రాజకానుక మరొకటుంది. 1868లో మొలొకయి ద్వీపంలో చుక్కల దుప్పులు దిగాయి. భారతదేశపు జాతి, హాంకాంగ్ మీదుగా ఐదవ కమేహమేహ రాజుకు కానుకగా వచ్చాయి. రాజు వాటిని వేటాడరాదని శాసించాడు. 1920లో లానయి ద్వీపానికీ, 1959లో మావుయికీ వాటిని చేర్చారు. పులి లేని, చిరుత లేని దీవులలో దుప్పి ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. ముళ్ళూ చేదూ వంటి రక్షణలు అలవడని దీవి మొక్కలు దాని నోటికి సులభాహారం. లానయిలో నానూ లేతమొలకలు చెట్లు కాకుండా పోవడానికి ఉన్న కారణాలలో ఈ దుప్పి ఒకటి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపుష్పం మల్లె, తెలంగాణ రాష్ట్రజంతువు చుక్కల జింక, భారత జాతీయపక్షి నెమలి. మన చిహ్నాలు మూడూ హవాయిలో కులాసాగా ఉన్నాయి. వాటిలో ఒకదాని కులాసా ఇంకొకరి అంతానికి తోడవుతోంది.

పాలినీషియా వారసత్వపు పువ్వు ఏది అని అడిగితే ఇక్కడ మూడు జవాబులు వస్తాయి. పాలినీషియన్లు పెంచి, మోసి, పేరుపెట్టినది తియరె. హవాయి చేతిలో రంగూ పనిముట్టూ అయినది నానూ. హవాయి మెడలో వందేళ్ళకు పైగా ఉన్నది పీకాకె. పీకాకెను పరాయిదని తోసిపుచ్చడం నాకు సబబుగా తోచదు. ఒక రాకుమార్తె పేరూ, ఒక నగరపు పెళ్ళిళ్ళూ దానితో ముడిపడ్డాయి. అయితే ఈ మూడింటిలో మనుషులు చేయిపట్టి నిలబెట్టకపోతే రేపు ఉండనిది నానూ ఒక్కటే. తియరెకు తాహితీ ఉంది, మల్లెకు సగం ఆసియా ఉంది. నానూకు ఆ దీవులు తప్ప వేరే చిరునామా లేదు.

లానయి ద్వీపంలో కానెపువు అనే చోట మెట్ట అడవి తునక ఒకటి మిగిలింది. 20వ శతాబ్దపు తొలినాళ్ళలో అక్కడి పశువుల క్షేత్రానికి మేనేజరుగా వచ్చిన న్యూజీలండు వాసి జార్జ్ మన్రో, తన వృత్తి పశువుల మేపే అయినా, ఆ అడవి చుట్టూ కంచె కట్టించి మేకలను వెళ్ళగొట్టించాడు. 1991లో అది నేచర్ కన్సర్వెన్సీ పర్యవేక్షణలోకి వచ్చిన సంరక్షితభూమి. ఇటు ఒవాహులో వైమెయా లోయ తోటలోనూ, ఇతర వృక్షోద్యానాలలోనూ నానూ మొక్కలను గింజల నుంచి పెంచుతున్నారు. యాత్రికులు నానూ పువ్వును చూడాలంటే అటువంటి తోటలే దారి. పువ్వు తెల్లగా, ఒంటిగా కొమ్మ చివర పూస్తుంది, రేకులు ఆరేడు, చీకటి పడేవేళకు వాసన పుంజుకుంటుంది. కానెపువులో మాత్రం ఆ వాసన కంచెకు లోపలే పుడుతుంది. కంచెకు బయట, సంజెవేళ, చుక్కల దుప్పులు మందలుగా మేతకు వస్తాయి.